మందు మార్చే ముందు: మల్టిపుల్ స్క్లెరోసిస్ చికిత్సలో దీర్ఘకాలపు లెక్కలు

రోగం తగ్గకపోతే మందు మార్చడం ఎవరికైనా అర్థమయ్యే సంగతే. మందు చక్కగా పనిచేస్తోంది. రెండేళ్ళుగా కొత్త దాడి లేదు. ఎంఆర్ఐలో కొత్త మచ్చ లేదు. అటువంటి మనిషితో, "ఇక దీన్ని ఆపి మరో మందుకు మారుదాం" అని వైద్యుడు అంటే మాత్రం వింతగా తోస్తుంది. మల్టిపుల్ స్క్లెరోసిస్ చికిత్సలో ఇది తరచుగా ఎదురయ్యే పరిస్థితే. మందు వల్ల కలిగే మేలు ఈనాటిది, కళ్ళకు కనిపించేది. దాని వల్ల రాగల కీడు రేపటిది, అరుదైనది, వస్తే తీరనిది. ఈ రెంటినీ ఒకే త్రాసులో తూచడం ఎలా? ఈ వ్యాసం ఆ తూకాన్ని గురించి.

వ్యాధి, మందులు

పారిస్‌లోని సాల్పెత్రియేర్ ఆసుపత్రిలో జాఁ-మార్తాఁ షార్కో 1868లో ఈ వ్యాధి లక్షణాలను క్రమబద్ధంగా వర్ణించాడు. శరీర రక్షణకు ఉద్దేశించిన తెల్లకణాలు మెదడులోకీ, వెన్నుపాములోకీ చొరబడి నాడీతంతువుల మీది మైలిన్ తొడుగును దెబ్బతీయడం ఈ వ్యాధిలోని మూలప్రక్రియ. తొడుగు పోయినచోట సంకేతాలు నెమ్మదిస్తాయి, లేదా ఆగిపోతాయి. చూపు మసకబారడం, కాళ్ళు తిమ్మిరెక్కడం, నడక తూలడం, విపరీతమైన అలసట: దెబ్బ ఎక్కడ తగిలిందన్న దాన్ని బట్టి లక్షణం ఉంటుంది. ఎక్కువమందిలో ఇది మొదట దాడులుగా వచ్చి కొంత సర్దుకుంటుంది. కాని ప్రతి దాడీ కొంత నష్టాన్ని మిగిల్చి పోవచ్చు.

ఈ వ్యాధి గతిని మార్చగల మొదటి మందు, ఇంటర్‌ఫెరాన్ బీటా-1బి, అమెరికాలో 1993లో ఆమోదం పొందింది. 1996లో గ్లాటిరమర్ వచ్చింది. ఇవి దాడులను సుమారు మూడోవంతు తగ్గించగలిగాయి. దీర్ఘకాలంలో వీటి వల్ల పెద్ద ప్రమాదాలు లేవని దశాబ్దాల అనుభవం చెబుతోంది. తరువాత వచ్చిన మందులు చాలా వరకు వీటికంటే బలమైనవి. ఆ బలం రోగనిరోధక వ్యవస్థను మరింత లోతుగా అణచడం వల్ల వచ్చినదే. కాబట్టి మేలూ, ప్రమాదమూ ఒకే వేరు నుంచి పుట్టుకొస్తాయి.

నటాలిజుమాబ్ నేర్పిన పాఠం

ఈ విషయాన్ని నటాలిజుమాబ్ కథ చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు. తెల్లకణాలు రక్తనాళపు గోడను పట్టుకుని మెదడులోకి జారడానికి ఆల్ఫా-4 ఇంటెగ్రిన్ అనే ప్రోటీన్ పట్టుకొమ్మ వంటిది. నటాలిజుమాబ్ ఆ పట్టును తప్పిస్తుంది. దీన్ని ఉత్తుత్తి మందుతో పోల్చి చూసిన అఫర్మ్ పరీక్షలో ఏడాదికి దాడుల రేటు 68 శాతం తగ్గింది. రెండేళ్ళలో వైకల్యం ముదిరే అవకాశం 42 శాతం తగ్గింది. అమెరికాలో 2004 నవంబరులో ఆమోదం లభించింది.

సుమారు మూడు నెలలకే, 2005 ఫిబ్రవరిలో, తయారీదారులు మందును బజారు నుంచి ఉపసంహరించుకున్నారు. ప్రయోగపరీక్షల్లో ఈ మందు తీసుకున్న కొందరికి ప్రోగ్రెసివ్ మల్టీఫోకల్ ల్యూకోఎన్‌కెఫలోపతి, పొట్టిగా పీఎంఎల్, అనే మెదడు వ్యాధి సోకినట్లు తేలింది. దీనికి కారణం జేసీ వైరస్. పెద్దవారిలో సగానికి పైగా మందిలో ఇది ఏ హానీ చేయకుండా దాగి ఉంటుంది. మెదడును గస్తీ కాసే తెల్లకణాలు దాన్ని అదుపులో ఉంచుతాయి. నటాలిజుమాబ్ దాడిచేసే కణాలతోపాటు గస్తీ కణాలను కూడా గుమ్మం బయటే నిలిపివేస్తుంది. కాపలా లేని ఇంట్లో వైరస్ విజృంభిస్తుంది.

అయినా మందు శాశ్వతంగా పోలేదు. ఈ మందు లేకపోతే చక్రాల కుర్చీకి పరిమితమయ్యే ప్రమాదం తమకు అంతకంటే పెద్దదని రోగులు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ముందు వాదించారు. కఠినమైన నమోదు, పర్యవేక్షణ నిబంధనలతో 2006 జూన్‌లో మందు తిరిగి వచ్చింది. ప్రమాదాన్ని పూర్తిగా తొలగించలేనప్పుడు, అది ఎవరికి ఎంతో కొలవగలిగితే చాలునన్న ఆలోచన అప్పుడు నిలదొక్కుకుంది.

అంకెలను చదవడం

2012లో ప్రచురితమైన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం నటాలిజుమాబ్ తీసుకున్న 99,571 మందిలో 212 మందికి పీఎంఎల్ వచ్చింది. అంటే వెయ్యికి సుమారు ఇద్దరు. ఈ సగటు అంకె ఏ ఒక్క రోగికీ వర్తించదన్నది గుర్తుంచుకోవాలి. ప్రమాదాన్ని మూడు అంశాలు నిర్ణయిస్తాయి: రక్తంలో జేసీ వైరస్‌కు యాంటీబాడీలు ఉన్నాయా, ఉంటే వాటి సూచిక ఎంత, మందు ఎంతకాలంగా తీసుకుంటున్నారు, ఇదివరకు రోగనిరోధకతను అణచే ఇతర మందులేమైనా వాడారా.

యాంటీబాడీలు లేనివారికి ప్రమాదం పదివేలలో ఒకరి దగ్గర ఉంటుంది. ఉన్నవారిలో, ఇదివరకు అణచివేత మందులు వాడని వారికి, నెలకొక ఇన్ఫ్యూషన్ లెక్కన, సూచిక 1.5 దాటితే అంచనాలు ఇలా ఉన్నాయి: మొదటి ఏడాదిలో వెయ్యికి 0.2, రెండో ఏడాది 0.9, మూడో ఏడాది 3, నాలుగో ఏడాది 7, ఐదో ఏడాది 8, ఆరో ఏడాది 10. సూచిక 0.9కి లోపు ఉన్నవారికి ఆరో ఏడాదిలో కూడా ఈ అంకె వెయ్యికి 0.6 మాత్రమే.

ఈ పట్టికను చదివేటప్పుడు సాధారణంగా జరిగే పొరపాటు ఒకటుంది. "ఆరో ఏడాదిలో వెయ్యికి పదిమంది, అంటే ఒక శాతమే కదా" అనుకోవడం. ఇవి ఏ ఏటికి ఆ ఏటి అంకెలు. మందు కొనసాగిస్తే అవి ఒకదానిపై ఒకటి పేరుకుంటాయి. ఉదాహరణకు ముప్పై నాలుగేళ్ళ స్త్రీని ఊహించుకుందాం. రెండేళ్ళుగా నటాలిజుమాబ్ మీద క్షేమంగా ఉంది, సూచిక 2.1. గడిచిన రెండేళ్ళ ప్రమాదం గడిచిపోయింది. మరో నాలుగేళ్ళు ఇదే మందు మీద ఉంటే ఎదురయ్యేది 3, 7, 8, 10ల మొత్తం: వెయ్యికి 28, అంటే సుమారు ముప్పై ఆరుమందిలో ఒకరు. ఈ మందు వల్ల పీఎంఎల్ వచ్చినవారిలో నాలుగోవంతుకు దగ్గరగా మరణిస్తారు. బతికినవారిలో చాలామందికి తీవ్ర వైకల్యం మిగులుతుంది. "రెండేళ్ళుగా ఏమీ కాలేదు కాబట్టి ఇకపైనా కాదు" అన్న ధీమాకు ఇక్కడ ఆధారం లేదు. ఈ మందు విషయంలో గడిచిన కాలం భద్రతకు సాక్ష్యం కాదు, ప్రమాదానికి కారణం.

మార్చడం, మార్చకపోవడం అనే రెంటి మధ్య ఇంకొక దారి కూడా ఉంది. నాలుగు వారాలకొకసారి కాక ఆరు వారాలకొకసారి మందు ఇస్తే పీఎంఎల్ సుమారు 90 శాతం తక్కువగా కనిపించిందని అమెరికా రోగుల నమోదు పట్టికపై 2019లో వచ్చిన విశ్లేషణ తెలిపింది. నెలకొక మోతాదు మీద స్థిరంగా ఉన్నవారిని ఆరు వారాలకు మార్చినా వ్యాధి అదుపు పెద్దగా సడలలేదని 2022లో ప్రచురితమైన నోవా పరీక్ష చూపింది. ఇది ప్రమాదాన్ని తగ్గించే మార్గమే కాని, తొలగించేది కాదు.

ఆపడంలో ఉన్న ఆపద

ఇంత ప్రమాదమైతే వెంటనే ఆపేస్తే సరి అనిపించవచ్చు. కాని ఆపడం కూడా ఒక చికిత్సా నిర్ణయమే, దానికీ మూల్యం ఉంది. నటాలిజుమాబ్ ఆపిన మూడు నాలుగు నెలల్లో వ్యాధి మళ్ళీ తలెత్తడం మొదలై, నాలుగు నుంచి ఏడు నెలల మధ్య తారస్థాయికి చేరుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. కొందరిలో అది మందుకు ముందున్న స్థాయిని కూడా మించిపోతుంది. దీన్నే వైద్యులు రీబౌండ్ అంటారు. కట్ట తెంచితే నీరు ఒక్కసారిగా వచ్చిపడినట్లు, గుమ్మం బయట ఆగిన కణాలన్నీ ఒకేసారి లోనికి వస్తాయి.

అందువల్ల ఒక మందుకూ, మరో మందుకూ మధ్య విరామం ఎంత అన్నది కీలకమవుతుంది. విరామం ఎక్కువైతే పాత వ్యాధి తిరగబెడుతుంది. తక్కువైతే రెండు మందుల అణచివేత ఒకదానిమీద ఒకటి పడుతుంది. పైగా పీఎంఎల్ బీజదశలో ఉండగానే, ఎవరూ గమనించకముందే, కొత్త మందు మొదలయ్యే ముప్పు ఉంది. నటాలిజుమాబ్ ఆపిన తరువాత ఆరు నెలల వరకు కూడా పీఎంఎల్ బయటపడవచ్చు. కనుకనే మార్పుకు ముందు ఎంఆర్ఐ, అవసరమైతే వెన్నునీటిలో వైరస్ పరీక్ష, మార్పు తరువాత కూడా కొన్ని నెలలపాటు తరచుగా ఎంఆర్ఐ చేయిస్తారు. నటాలిజుమాబ్ నుంచి ఫింగోలిమాడ్‌కు మారేటప్పుడు 8, 12, 16 వారాల విరామాలను పోల్చిన పరీక్షలో, తక్కువ విరామం ఉన్నవారికే కొత్త మచ్చలు తక్కువగా వచ్చాయి.

ప్రవాస జీవితంలో ఈ సంగతికి ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. ఉద్యోగం మారితే ఇన్సూరెన్స్ మారుతుంది. కొత్త సంస్థ ముందస్తు అనుమతికి కాగితాలడుగుతుంది. మధ్యలో వారాలు గడిచిపోతాయి. సెలవుపై ఇండియాకు వెళ్ళి ప్రయాణం పొడిగించుకోవడమూ ఇలాంటిదే. రక్తపోటు మాత్ర రెండు రోజులు ఆలస్యమైనట్లు ఇన్ఫ్యూషన్ రెండు నెలలు ఆలస్యం కావడాన్ని తేలిగ్గా తీసుకోరాదు. ఎవరూ కోరుకోని, ఎవరూ లెక్కవేయని విరామం అది.

ఏ మందుకు మారాలి?

ఇక్కడ స్వీడన్ అనుభవం ఉపయోగపడుతుంది. స్టాక్‌హోమ్, గోథెన్‌బర్గ్, ఊమెయో నగరాల్లోని కేంద్రాల్లో, జేసీ యాంటీబాడీల కారణంగా నటాలిజుమాబ్ ఆపిన 256 మందిని పరిశీలించి 2016లో ఒక అధ్యయనం వెలువరించారు. కొందరు ఫింగోలిమాడ్ మాత్రలకు, కొందరు రిటుక్సిమాబ్‌కు మారారు. ఏడాదిన్నర లోపల దాడి వచ్చినవారు ఫింగోలిమాడ్ వర్గంలో 17.6 శాతం, రిటుక్సిమాబ్ వర్గంలో 1.8 శాతం. ఇది చీటీలు వేసి విభజించిన పరీక్ష కాదు, వైద్యులు ఎంచుకున్న దాన్ని పరిశీలించిన అధ్యయనం. అయినా తేడా కొట్టిపారేయలేనంత పెద్దది.

ఫింగోలిమాడ్ తెల్లకణాలను లింఫు గ్రంథుల్లోనే బంధించి ఉంచుతుంది. 2010లో వచ్చిన ఈ మాత్ర సూది లేని మొదటి మందుగా ఎందరికో ఊరటనిచ్చింది. కాని దీన్ని ఆపినప్పుడు కూడా కొందరిలో వ్యాధి తీవ్రంగా తిరగబెడుతుందని అమెరికా నియంత్రణ సంస్థ 2018 నవంబరులో హెచ్చరించింది. గర్భం దాల్చదలచినవారు దీన్ని రెండు నెలల ముందే ఆపాలి. మన ఉదాహరణలోని స్త్రీ రెండో బిడ్డను కోరుకుంటూ ఉంటే, నటాలిజుమాబ్ రీబౌండ్ తప్పించుకుని ఫింగోలిమాడ్ రీబౌండ్‌కు ఎదురెళ్ళినట్లవుతుంది. అందుకే మార్పు గురించి ఆలోచించేటప్పుడు "ఈ మందు ఎలా మొదలుపెట్టాలి" అన్నంత శ్రద్ధగా "దీని నుంచి ఎలా బయటపడాలి" అని కూడా అడగాలి.

ఈ మందుకు ముందు ఆటలమ్మకు యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూస్తారు. ఉష్ణదేశాల్లో పెరిగినవారిలో బాల్యంలో ఆటలమ్మ సోకనివారు చలిదేశాలలో కంటే ఎక్కువ. "ఇండియాలో పుట్టాం కదా, వచ్చే ఉంటుంది" అని ఊహించుకోకుండా పరీక్ష చేయించుకోవడం మేలు.

కొత్త మందు, కొత్త అప్పు

రిటుక్సిమాబ్, 2017లో ఆమోదం పొందిన ఓక్రెలిజుమాబ్ రెండూ బి-కణాలను తొలగించే మందులు. రిటుక్సిమాబ్ అసలు లింఫోమా కోసం 1997లో వచ్చింది. దీని బయోసిమిలర్‌ను మొదట మార్కెట్లోకి తెచ్చినది హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్, 2007లో. ధర తగ్గడంతో ఎం.ఎస్.కు ఇది ఇండియాలోనూ వాడుకలోకి వచ్చింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎం.ఎస్. కోసం తన అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చిన మూడు మందుల్లో ఇదొకటి. మిగిలినవి గ్లాటిరమర్, క్లాడ్రిబిన్.

అయితే దీని ప్రమాదాల స్వభావం వేరు. స్వీడన్ రోగుల వివరాలపై 2020లో ప్రచురితమైన అధ్యయనంలో, ఆసుపత్రిలో చేరవలసినంత తీవ్రమైన ఇన్ఫెక్షన్లు వెయ్యిమందికి ఏడాదికి ఇలా ఉన్నాయి: సామాన్య జనంలో 5.2, ఇంటర్‌ఫెరాన్, గ్లాటిరమర్ వర్గంలో 8.9, నటాలిజుమాబ్ 11.4; ఫింగోలిమాడ్ 14.3, రిటుక్సిమాబ్ 19.7. ఇవి వయసు మొదలైన తేడాలను సవరించని అంకెలు. అయినా వాటినే తీసుకుని మన ఉదాహరణకు అన్వయిస్తే, నటాలిజుమాబ్ నుంచి రిటుక్సిమాబ్‌కు మారడం వల్ల ఏడాదికి వెయ్యికి సుమారు 8, నాలుగేళ్ళకు 33 ఇన్ఫెక్షన్లు అదనం. అదే నాలుగేళ్ళలో తప్పేది వెయ్యికి సుమారు 28 పీఎంఎల్ కేసులు.

అంకెలు చూస్తే లాభనష్టాలు ఇంచుమించు సమానం. కాని అంకెల వెనక ఉన్నవి సమానం కావు. న్యుమోనియాకు, మూత్రకోశపు ఇన్ఫెక్షన్‌కు మందులున్నాయి; చాలామంది కోలుకుని ఇంటికి వస్తారు. పీఎంఎల్‌కు నేరుగా పనిచేసే మందు లేదు. వెయ్యికి ఎన్ని అన్న ప్రశ్నతో పాటు, వచ్చినదాన్ని వెనక్కి మళ్ళించగలమా అన్న ప్రశ్న వేస్తేనే తూకం సరిపోతుంది.

ఈ తూకం కూడా శాశ్వతం కాదు. బి-కణాలను ఏళ్ళ తరబడి తొలగిస్తూ పోతే రక్తంలో ఇమ్యునోగ్లోబ్యులిన్లు క్రమంగా తగ్గవచ్చు. ఐజీజీ బాగా తగ్గినవారిలో తీవ్రమైన ఇన్ఫెక్షన్లు ఎక్కువ. టీకాలు సరిగా పనిచేయవు. కోవిడ్ కాలంలో ఇది స్పష్టంగా తెలిసివచ్చింది. అందువల్ల కావలసిన టీకాలు మందుకు ముందే వేయించుకోవాలి: ఓక్రెలిజుమాబ్ విషయంలో సజీవ టీకాలైతే కనీసం నాలుగు వారాలు, మిగిలినవైతే రెండు వారాలు ముందు. హెపటైటిస్-బి దాగి ఉన్నవారిలో అది తిరగబెట్టి కాలేయాన్ని దెబ్బతీయవచ్చు. అమెరికాలో, ఐరోపాలో కంటే ఇండియాలో ఈ వైరస్ ఎక్కువగా కనిపిస్తుంది కనుక మనవారు ఈ పరీక్షను లాంఛనంగా భావించరాదు. క్షయ విషయమూ అంతే. కొన్ని ఎం.ఎస్. మందులకు ముందు దాగి ఉన్న క్షయకు పరీక్ష తప్పనిసరి.

వెనుకకు తీసుకోలేనివి, తెలియనివి

కొన్ని మందులను ఆపితే కొద్ది నెలల్లో ప్రభావం పోతుంది. మరికొన్ని రోగనిరోధక వ్యవస్థనే మార్చివేస్తాయి. అలెంటుజుమాబ్ రెండు విడతల్లో ఇచ్చి ముగిస్తారు. మేలు ఏళ్ళ తరబడి నిలుస్తుంది. కీడు కూడా అలాగే నిలుస్తుంది. చాలామందిలో థైరాయిడ్ సమస్యలు, కొందరిలో ప్లేట్‌లెట్లు పడిపోవడం తరువాతి సంవత్సరాల్లో తలెత్తవచ్చు. కనుక చివరి విడత తరువాత నాలుగేళ్ళపాటు ప్రతినెలా రక్తపరీక్ష అవసరం. మూడేళ్ళ వీసా మీద ఒక దేశంలో ఉన్న మనిషి ఇటువంటి మందు ఎంచుకునేటప్పుడు, నాలుగో ఏట తాను ఎక్కడ ఉంటాడో, ఆ పరీక్షలు ఎవరు చూస్తారో కూడా ఆలోచించవలసి ఉంటుంది.

మందుల వరుస కూడా ముఖ్యమే. ఫింగోలిమాడ్ తరువాత వెంటనే అలెంటుజుమాబ్ ఇచ్చినప్పుడు, గ్రంథుల్లో దాగిన కణాలు దాని వేటును తప్పించుకుని తరువాత బయటికి వచ్చి తీవ్రమైన దాడులకు కారణమైన ఉదంతాలు నమోదయ్యాయి. టెరిఫ్లూనమైడ్ ఆపినా రెండేళ్ళ వరకు శరీరంలో ఉండగలదు. గర్భం వంటి కారణాలతో త్వరగా పోవాలంటే కొలెస్టిరమీన్‌తో 11 రోజుల ప్రత్యేక చికిత్స ఉంది. నేడు వాడుతున్న మందు రేపు వాడబోయే మందు ప్రమాదాన్ని మారుస్తుంది. నటాలిజుమాబ్ పట్టికలో "ఇదివరకు వాడిన అణచివేత మందులు" అన్న అంశం ఉన్నది ఇందుకే. కాబట్టి తీసుకున్న ప్రతి మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, ఆపిన తేదీ, సూచిక అంకెలు ఒక కాగితం మీద రాసి ఉంచుకోవడం దేశాలు, ఆసుపత్రులు మారే మనవారికి చాలా అవసరం. జేసీ పరీక్ష పద్ధతి వేరైతే అంకెలను నేరుగా పోల్చరాదని కూడా గుర్తుంచుకోవాలి.

తెలిసిన ప్రమాదాల కంటే తెలియనివి పెద్దవి కావచ్చు. డాక్లిజుమాబ్ 2016లో ఆమోదం పొంది, మెదడువాపు కేసులు బయటపడడంతో 2018 మార్చిలోనే వెళ్ళిపోయింది. ప్రయోగపరీక్షలు సాధారణంగా రెండు మూడేళ్ళు సాగుతాయి. రోగి ఆ మందుతో ఇరవై ఏళ్ళు బతకవలసి ఉంటుంది. కొత్త మందు పట్టికలో ప్రమాదాలు తక్కువగా కనిపిస్తే, అవి నిజంగానే తక్కువా, లేక ఇంకా చూడలేదా అన్న ప్రశ్న వేయాలి.

వయసు మారితే తూకమూ మారుతుంది

వయసు పెరిగేకొద్దీ దాడులు తగ్గుతాయి, ఇన్ఫెక్షన్ల ముప్పు పెరుగుతుంది. మరి మందు పూర్తిగా ఆపవచ్చా? 55 ఏళ్ళు దాటి, స్థిరంగా ఉన్నవారిపై అమెరికాలో జరిపిన డిస్కోమ్స్ పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. మందు కొనసాగించిన 128 మందిలో 6 మందికి, ఆపిన 131 మందిలో 16 మందికి దాడి గాని, కొత్త మచ్చ గాని వచ్చింది. ఆపడం కొనసాగించడమంత సురక్షితమని రుజువు కాలేదు. కాని ఆపినవారిలో ఎక్కువమంది క్షేమంగానే ఉన్నారు. ముప్పై నాలుగేళ్ళ స్త్రీకి తగిన సమాధానం ఆమె అరవయ్యో ఏట తగకపోవచ్చు.

తూకం ఎవరిది?

వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్నలు నిజానికి ఐదే. ఈ మందు మీదే ఉంటే రాబోయే ఐదేళ్ళలో నాకు, నా సూచికతో, మొత్తం ప్రమాదం వెయ్యికి ఎంత? మారితే వ్యాధి తిరగబెట్టే అవకాశం వెయ్యికి ఎంత? రెండు మందుల మధ్య ఎన్ని వారాలు, ఆ వారాల్లో ఏ పరీక్షలు? కొత్త మందును ఆపవలసివస్తే ఎలా ఆపుతాం? దాని తరువాత నాకు మిగిలే దారులేవి? "ప్రమాదం తక్కువే" అన్న జవాబుకు "ఎంతకు తక్కువ, ఎంతకాలానికి" అని మళ్ళీ అడగడం అమర్యాద కాదు.

ఇన్సూరెన్స్ సంస్థ తన జాబితా మార్చుకుని మందు మార్చమంటే అది వైద్యకారణం కాదు. అప్పీలు చేసే హక్కు రోగికి ఉంటుంది. పైన చెప్పిన అంకెలు ఆ అప్పీలులో న్యూరాలజిస్టు రాసే ఉత్తరానికి బలమిస్తాయి.

చివరి తూకం మాత్రం అంకెలది కాదు. ముప్పై ఆరులో ఒకటి అన్న ప్రమాదాన్ని ఒకరు భరించలేరు. నడక పోగొట్టుకునే అవకాశం అంతకంటే భయంకరమని మరొకరు భావిస్తారు. ఇద్దరూ తర్కం తప్పినవారు కారు. 2006లో మందును తిరిగి రప్పించినవారు కూడా ప్రమాదం లేదని అనలేదు. దాన్ని తెలిసి ఎంచుకునే అవకాశం తమకుండాలని మాత్రమే అన్నారు. తెలిసి ఎంచుకోవాలంటే అంకెలు తెలియాలి. అవి తెలిశాక నిర్ణయం ఆ శరీరంతో బతకవలసిన మనిషిది.